మారుమూల ఎవరికి? ‘పెర్మాఫ్రాస్ట్’ పత్రిక నుంచి మనం నేర్చుకోవలసింది

అమెరికా దేశపటంలో కెనడాకు అవతల విడిగా కనిపించే రాష్ట్రం అలాస్కా. దాని నడిబొడ్డున ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊరుంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా పడిపోతుంది. డిసెంబరు చివర పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివే విద్యార్థులు 1977లో మొదలైన ఒక సాహిత్య పత్రికను నడుపుతూ వస్తున్నారు. దాని పేరు ‘పెర్మాఫ్రాస్ట్’. ఏళ్ల తరబడి కరగకుండా గడ్డకట్టి ఉండే నేలను అలా అంటారు. తమది అన్నిటికంటే ఉత్తరాన వెలువడే సాహిత్య పత్రిక అని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఎక్కడో మంచుదేశపు పత్రిక గురించి మనకెందుకు అనిపించవచ్చు. కారణం ఉంది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలున్నాయి. విజయనగరంలోది 2019లో మొదలైంది. ములుగులోని సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది, మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. అక్కడి పిల్లలు రేపో మాపో ఒక పత్రిక పెడతారు. పెట్టాలి కూడా. ఎలాంటి పత్రిక పెట్టాలో ఆలోచించడానికి ‘పెర్మాఫ్రాస్ట్’ మంచి ఉదాహరణ. దానిలో అనుసరించవలసిందీ ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది.

ముందు మంచి చెప్పుకుందాం. విద్యార్థి పత్రికకు పెద్ద గండం విద్యార్థులే. రెండు మూడేళ్లలో చదువు ముగించుకుని వెళ్లిపోతారు. ఉత్సాహంగా మొదలుపెట్టిన జట్టు వెళ్లగానే పత్రిక ఆగిపోతుంది. మన కళాశాలల్లో రెండో సంచిక చూడని పత్రికలు ఎన్నో. ‘పెర్మాఫ్రాస్ట్’ ఈ గండాన్ని దాటింది. సంపాదకులు మారిపోతూనే ఉన్నా పత్రిక నిలిచింది. ఎవరో ఒక్కరి పట్టుదల మీద కాకుండా విశ్వవిద్యాలయంలోని సాహిత్య రచన కోర్సును ఆనుకుని నడవడం దీనికి ముఖ్య కారణం. వెళ్లేవాళ్లు పనిని వచ్చేవాళ్ల చేతిలో పెట్టి వెళతారు.

రెండో మంచి, విద్యార్థులే చదివి ఎంపిక చేయడం. బయటివాళ్లు పంపిన కథను, కవితను ముందు పెట్టుకుని ఇది వేద్దామా, వద్దా, ఎందుకు అని వాదించుకోవడం పెద్ద చదువు. మన కళాశాల వార్షిక సంచికలు చాలావరకు ఎలా ఉంటాయో ఉపాధ్యాయులకు తెలుసు. ముందు పెద్దల ఫొటోలు, తర్వాత వాళ్ల సందేశాలు, చివర్లో పిల్లల కవితలు. అందులో పిల్లలు రాస్తారు గానీ నిర్ణయించరు. నిర్ణయించే అధికారం ఇవ్వకపోతే వాళ్లకు విమర్శ అలవడదు.

ఇక రెండో వైపు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న గుట్టకు అక్కడి అతబాస్కన్ ఆదివాసీల భాషలో ‘ట్రోత్ యెద్దా’ అని పేరు. తినే గడ్డలు దొరికే గుట్ట అని అర్థం. అడవిలో గడ్డలు తవ్వుకుని బతికిన మనకు ఆ పేరు వెనకున్న జీవితం విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే ప్రాంగణంలో అలాస్కా ఆదివాసీ భాషల కేంద్రం 1972 నుంచి పనిచేస్తోంది. నిఘంటువులు, వ్యాకరణాలు, పెద్దలు చెప్పిన కథల సంపుటాలు అక్కడ తయారయ్యాయి. కొద్ది అడుగుల దూరంలో ఐదేళ్ల తర్వాత పుట్టిన సాహిత్య పత్రిక భాష మాత్రం ఇంగ్లీషు.

నా అభ్యంతరం ఇక్కడే. ఆ ప్రాంగణంలో సాహిత్యం రెండు గదుల్లోకి చీలిపోయింది. ముసలమ్మ చెప్పిన కథ భాషాశాస్త్రం గదిలోకి వెళ్లింది. ఇంగ్లీషులో రాసిన కథ సాహిత్యం గదిలోకి వచ్చింది. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండనక్కర్లేదు. గదులు అలా కట్టి ఉంటే మనుషులు అలాగే నడుస్తారు. ఈ పత్రిక పుట్టిన 31 ఏళ్లకు, 2008 జనవరిలో మేరీ స్మిత్ జోన్స్ అనే పెద్దమ్మ చనిపోయారు. ఈయాక్ భాషను పుట్టుకతో మాట్లాడిన ఆఖరి మనిషి ఆమే. ఆ భాషల కేంద్రాన్ని నడిపిన మైకేల్ క్రాస్ ఆమెతో కలిసి ఈయాక్ నిఘంటువు మీద పనిచేశారు. మాటలు భద్రమయ్యాయి, మాట్లాడేవాళ్లు మిగల్లేదు. ఒక సాహిత్య పత్రిక భాషను ఒంటిచేత్తో బతికించలేదు. అయితే తన గుమ్మం ముందరి భాషలకు కొన్ని పేజీలు ఇవ్వగలదు.

మన దగ్గరా ఇవే రెండు గదులు. మన పాట గిరిజన పరిశోధన నివేదికలోకో, మ్యూజియం అరలోకో వెళుతుంది. పాడిన మనిషి పేరు ఉంటే అనుబంధంలో ఉంటుంది. సాహిత్య పత్రికలో మన గురించి వచ్చేది తెలుగులో వస్తుంది. ములుగు విశ్వవిద్యాలయంలో మొదటగా పెట్టిన కోర్సుల్లో సాహిత్యం అంటే ఇంగ్లీషు బి.ఏ. పిల్లలు ఇంగ్లీషు చదవాలి, అందులో తప్పేమీ లేదు. కానీ కోయ డోలి కథ ఆ ప్రాంగణంలో ఏ గదిలో కూర్చోవాలి?

దీనికీ ఒక జవాబు అలాస్కాలోనే దొరుకుతుంది. ట్లింగిట్ తెగకు చెందిన కవయిత్రి నోరా మార్క్స్ డావెన్‌హవర్, ఆమె భర్త రిచర్డ్ కలిసి 1987లో ‘హా షుకా’ అనే పుస్తకం తెచ్చారు. పెద్దలు చెప్పిన కథలు ఒక పేజీలో ట్లింగిట్‌లో, ఎదుటి పేజీలో ఇంగ్లీషులో ఉంటాయి. కథ చెప్పిన పెద్దల జీవిత పరిచయాలూ ఉన్నాయి. అంటే వాళ్లు సమాచారం ఇచ్చినవాళ్లుగా మిగిలిపోలేదు, రచయితలయ్యారు. నోరా తర్వాత అలాస్కా రాష్ట్ర ఆస్థాన రచయిత్రి గౌరవం కూడా పొందారు.

మన విద్యార్థి పత్రిక ఈ పద్ధతిని మొదటి సంచిక నుంచే పట్టుకోవచ్చు. ఎడమ పేజీలో గోండీ, కోయ, కొలామీ, లంబాడీ, సవర, ఏ భాష అయితే ఆ భాష. కుడి పేజీలో తెలుగు. పైన పాడిన మనిషి పేరు, ఊరు. విని రాసుకున్న విద్యార్థి పేరు కింద. మణుగూరు దగ్గర కూనవరం నుంచి సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. పతకం వచ్చిన మనిషినే మనం ఎంతవరకు అచ్చులో పెట్టుకున్నాం? పతకం రానివాళ్లు గూడెంలో ఇంకా పాడుతున్నారు. వాళ్ల దగ్గరికి సెలవుల్లో వెళ్లగలిగేది వాళ్ల మనవలు, మనవరాళ్లే.

లిపి ఏది అనే తగవు వస్తుంది. 1940లలో హైమెండార్ఫ్ మార్లవాయిలో పాఠశాల నడిపించినప్పుడు గోండీ వాచకాలు దేవనాగరిలో వేశారు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది కనుక కంప్యూటర్లో వాడుకోవచ్చు. తెలుగు లిపిలో రాస్తే ఎక్కువమంది వెంటనే చదవగలరు. తగవు తేలే దాకా పత్రిక ఆపనక్కర్లేదు. ఈ సంచికలో తెలుగు లిపి, దానితో పాటు ఒక పేజీ గుంజాల లిపి వేసినా చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 29 లక్షలకు పైనే. పాఠకులు లేరనడానికి వీల్లేదు. వాళ్ల చేతికి అందే పేజీలే తక్కువ.

చివరగా ఆ ఉత్తరపు గర్వం గురించి ఒక మాట. ఎవరి నుంచి ఉత్తరం? ట్రోత్ యెద్దా మీద గడ్డలు తవ్విన మనుషులకు అది ఉత్తరపు అంచు కాదు, ఇల్లు. ఉట్నూరును, ఏటూరునాగారాన్ని మారుమూల అంటున్నాం. ఆ దూరం హైదరాబాదు నుంచి కొలిచింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కోసం వచ్చి తుర్కయంజాల్ దాకా అద్దె గదులు వెతుక్కునే మన పిల్లలకు మారుమూల ఏదో బాగా తెలుసు. అమ్మ భాష ఒక్కరోజు కూడా వినపడని చోటే వాళ్లకు మారుమూల. పత్రిక పెట్టేటప్పుడు దూరాన్ని గొప్పగా అట్టమీద వేసుకోవద్దు. గూడెం నడుమన కూర్చుని రాయండి. ఉపాధ్యాయులు చేయవలసింది రెండే పనులు. కాగితం ఖర్చు చూడండి, ఎంపికలో చెయ్యి పెట్టకండి. సంచిక అచ్చయ్యాక మొదటి ప్రతిని పాట పాడిన అవ్వకు ఇచ్చి, ఎడమ పేజీని ఆమెకు చదివి వినిపించండి. తప్పులుంటే ఆమే దిద్దుతుంది. రెండో సంచిక అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.