భూకేంద్రకం, స్వజాతి కేంద్రకం: పోలవరం నుంచి ఒక చూపు

జియోసెంట్రిక్ అనే మాట మన విశ్వవిద్యాలయాల్లో రెండు చోట్ల వినబడుతుంది. ఖగోళశాస్త్రం చెప్పే మాస్టారు దాన్ని ఒక పాత పొరపాటుకి పేరుగా చెబుతారు. భూమి నడిమధ్య కదలకుండా ఉంది, సూర్యుడూ గ్రహాలూ దాని చుట్టూ తిరుగుతున్నాయి అనుకోవటమే ఆ పొరపాటు. అంతర్జాతీయ వ్యాపారం చెప్పే మాస్టారు అదే మాటని గొప్ప గుణంగా చెబుతారు. 1969లో హోవర్డ్ పెర్ల్‌ముట్టర్ బహుళజాతి కంపెనీల దృక్పథాన్ని మూడు రకాలుగా విడగొట్టాడు. సొంత దేశపు పద్ధతే అందరికీ పద్ధతి అనుకునేది ఎత్నోసెంట్రిక్, అంటే స్వజాతి కేంద్రకం. ఏ దేశపు పద్ధతిని ఆ దేశానికి వదిలేసేది పాలీసెంట్రిక్, బహుకేంద్రకం. దేశం ఏదని చూడకుండా ప్రపంచమంతటా సమర్థుణ్ణీ మంచి పద్ధతినీ ఏరుకునేది జియోసెంట్రిక్, భూకేంద్రకం.

ఒకచోట తప్పయిన మాట ఇంకోచోట ఒప్పెలా అయింది? ఈ ప్రశ్న దళిత విమర్శ అడగాలి. ఎందుకంటే మనమీద వచ్చే నింద కూడా ఇలాంటిదే. "మీరు మీ కులం చుట్టూనే తిరుగుతున్నారు, ప్రపంచాన్ని చూడటం లేదు" అంటారు.

ముందు ఖగోళం సంగతి చూద్దాం. ఆర్యభటుడు 499లో భూమే తన చుట్టూ తాను తిరుగుతోందన్నాడు. పడవలో పోయేవాడికి గట్టుమీదవి వెనక్కి పోతున్నట్టు కనబడతాయి గదా, నక్షత్రాల నడక కూడా అట్లాంటిదేనన్నాడు. గోదావరిలో లాంచీ ఎక్కినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వరాహమిహిరుడు ఒప్పుకోలేదు. భూమి తిరుగుతుంటే ఎగిరిన పక్షులు తిరిగి గూటికెట్లా చేరతాయన్నాడు. బ్రహ్మగుప్తుడూ 628లో తప్పుపట్టాడు. తర్వాత వచ్చిన వ్యాఖ్యాతలు కొందరు ఆర్యభటుడి మాటకే వేరే అర్థం చెప్పి భూమిని మళ్ళీ నిలబెట్టేశారు. అటు టాలెమీ సంప్రదాయంలో గ్రహాల నడకకి లెక్క కుదరటం కోసం వలయం మీద వలయం గీశారు. భూమిని మాత్రం కదిలించలేదు.

ఇక్కడొక తేడా పట్టుకోవాలి. భూమి మీద నిలబడి చూడటం తప్పు కాదు. మన ఊళ్ళో సూర్యోదయం ఎప్పుడో, గ్రహణం ఎప్పుడో చెప్పాలంటే ఇప్పటికీ భూమి మీద నిలబడే చెప్పాలి. నిలబడే చోటంటూ లేకుండా ఎవరికీ చూపు లేదు. తాను నిలబడ్డ చోటే విశ్వానికి నడుమ అని ప్రకటించి, మిగతావన్నీ తన చుట్టూ తిరగాలనటంతోనే తప్పు మొదలవుతుంది.

మన గ్రామం ఆ తప్పు మీదే కట్టింది. గుడీ, కరణం ఇల్లూ, పెద్ద రైతుల లోగిళ్ళూ ఉన్నది ఊరు. మాలపల్లె, మాదిగగూడెం ఎంత పాతవైనా ఊరికి బయటే. ఎవరికి బయట? వెలివాడ అనే మాటలోనే కొలబద్ద ఎవరి చేతిలో ఉందో తెలుస్తోంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని కీర్తించేవాళ్ళని నిలదీసింది ఇందుకే. స్వజాతి కేంద్రకం అంటే తనవాళ్ళని తాను ప్రేమించుకోవటం కాదు. తన కొలతని ఎదుటివాడి బతుకు మీద రుద్దగల అధికారం ఉండటం. వెలివాడకి ఆ అధికారం ఏనాడూ లేదు.

గ్రామంలో కనబడే ఈ కేంద్రం, అంచు సంబంధం పోలవరం దగ్గర ఒక నదీలోయ అంత పెద్దదై కనబడుతుంది. 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. దానికి 42 కిలోమీటర్లు ఎగువన పోలవరం ప్రాజెక్టు. 7.20 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల విద్యుత్తు, కృష్ణకి 80 టి.ఎం.సి.ల మళ్ళింపు దాని లక్ష్యాలు. "గోదావరి నీళ్ళు వృథాగా సముద్రం పాలవుతున్నాయి" అనే మాట డెల్టాలో పసిపిల్లలకి కూడా వచ్చు. అదే మాటని పాపికొండల పైన కోయ, కొండరెడ్డి గూడేల్లో నిలబడి వినండి. వృథా అనేది నీటి గుణం కాదు, కింద నిలబడినవాడి చూపు. అట్లాగని డెల్టాని తీసిపారెయ్యలేం. అక్కడ నాట్లకీ కోతలకీ పోయే మాల, మాదిగ కూలీలు కూడా ఆ నీళ్ళమీదే బతుకుతున్నారు. మనకి ఈ ప్రశ్న కష్టమైంది అందుకే.

కేంద్రం బలం ఎంతటిదంటే, 2014లో ముంపు మండలాలని తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మార్చారు. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, రాష్ట్రం సరిహద్దు కదిలింది. డ్యాము పనిలో ప్రపంచమే పాల్గొంది. డయాఫ్రం గోడ కట్టటానికి జర్మనీకి చెందిన బావర్ వచ్చింది. ఆ గోడ వరదలకి దెబ్బతింటే 2024లో అమెరికా, కెనడా నిపుణులొచ్చి చూశారు. 2025లో కొత్త గోడ పని మొదలైంది. మట్టినీ రాతినీ తెలిసినవాణ్ణి ఏ దేశం నుంచైనా పిలిపించుకోవటం పెర్ల్‌ముట్టర్ మెచ్చే భూకేంద్రకమే. దాన్ని మనం తప్పుపట్టక్కర్లేదు. అయితే ఆ ప్రపంచంలో ముంపు ఊరి మనిషి లేడు. ఏరుకునేవాడు కంపెనీ, ఏరబడేవాడు నిపుణుడు. ఖాళీ చెయ్యబడేవాడికి ఆ మూడు గడుల్లో ఎక్కడా చోటు లేదు.

అతనికి చోటు దొరికేది జాబితాల్లోనే. నిండు జలాశయ మట్టం 45.72 మీటర్లు. మొదటి దశ పునరావాసానికి 41.15 మీటర్ల దగ్గర గీత గీశారు. 2022 జులై వరదలో ఆ గీతకి పైనున్నాయన్న ఊళ్ళల్లోకీ నీళ్ళొచ్చాయి. లైడార్ సర్వే తర్వాత మొదటి దశలో మరికొన్ని ఆవాసాలు చేర్చాల్సివచ్చింది. రెండు దశలూ కలిపి కదలాల్సినవి దాదాపు లక్ష కుటుంబాలు. లెక్క తప్పినప్పుడల్లా ఇంకో జాబితా, ఇంకో దశ. టాలెమీ వలయాలు గుర్తుకు రావటం లేదూ?

ఆ జాబితాలో భూమిలేని దళితుడి స్థితి మరీ ఇరుకు. ఏజెన్సీలో ఆదివాసీ భూమిని కాపాడేది 1/70 చట్టం. అది న్యాయమైంది, దాన్ని పిసరంత కూడా సడలించకూడదు. 2013 భూసేకరణ చట్టం, భూమి పోగొట్టుకున్న షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్ళకి పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వమంది. మంచిదే. కానీ పోగొట్టుకోటానికి సెంటు భూమి కూడా లేని కూలికి ఆ భూమి రాదు. ఆ చట్టం కూలీని బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది, భూమి దగ్గరకొచ్చేసరికి మాత్రం పట్టా ఉన్నవాడి చోట నిలబడి కొలుస్తుంది.

కాబట్టి మనల్ని సంకుచితులనేవాళ్ళకి జవాబు ఇది: మేం మా చోట నిలబడి చూస్తున్నాం, మీరూ మీ చోట నిలబడే చూస్తున్నారు. మీ చోటుకి ప్రపంచమని పేరు పెట్టుకున్నారు, అంతే తేడా. ఈ మాట అనే హక్కు నిలవాలంటే మనం కూడా ఒక జాగ్రత్త పడాలి. కారంచేడు (1985), చుండూరు (1991) మన ఉద్యమాన్ని నిలబెట్టాయి. రెండూ కోస్తా ఊళ్ళే. అక్కడి ఊరు, పల్లె కొలతతోనే ఏజెన్సీని కొలిస్తే ఆదివాసీ మన చుట్టూ తిరిగే గ్రహమైపోతాడు. ఆదివాసీ భూమి హక్కుకీ, భూమిలేని దళితుడి పునరావాసానికీ పోటీ పెట్టకుండా రెండూ అడగటం మన పని.

పరిశోధక విద్యార్థులు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. పునరావాస కాలనీల్లో ఇంటింటికీ తిరిగి, ఏ పొలం ఎవరిదో రాసుకున్నట్టే ఆ పొలంలో ఎవరు పని చేశారో కూడా రాయండి. సర్కారు జాబితాలో రెండో గడి లేదు.