లినక్స్ గడప వద్ద ఆటగాడు

ఒక పనిముట్టు మంచిదో కాదో తేల్చేటప్పుడు దానిని తయారుచేసినవాని మాట ఒక్కటే చాలదు. దానిని మొదటిసారి చేతపట్టినవానికి ఏమి ఎదురైనదో కూడా చూడవలెను. లినక్స్ విషయంలో ఈ రెండవ పరీక్ష 2021 నవంబరులో అందరి ఎదుట జరిగినది. కెనడాకు చెందిన లైనస్ సెబాస్టియన్ అనే వీడియో వ్యాఖ్యాత, ఆయన సహచరుడు ఒకరు, తమ ఇంటి కంప్యూటర్లలో విండోస్‌ను వదలిపెట్టి కొంతకాలం లినక్స్ మీదనే ఆటలు ఆడాలని పందెం వేసుకొన్నారు. సెబాస్టియన్ ఏళ్ళ తరబడి కంప్యూటరు భాగాలను పరీక్షించి, వాటి గుణదోషాలను లోకానికి చెప్పిన మనిషి. అట్టివాడు స్టీమ్ అనే ఆటల దుకాణాన్ని తన కంప్యూటరులో పెట్టుకొనబోయి, తెరమీది కిటికీలనూ బొమ్మలనూ పట్టికలనూ తన చేతులతోనే తుడిచివేసుకొన్నాడు. చివరకు మిగిలినది అక్షరాలు మాత్రమే కనిపించే నల్లని తెర.

తప్పు ఆయనదా, యంత్రానిదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు లినక్స్ అంటే ఏమిటో కొంచెం తెలియవలెను.

కంప్యూటరులోని యంత్రభాగాలకూ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి, ఎవరికి ఏది కావలెనో పంచిపెట్టే పెత్తనదారును ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ అట్టిది. లినక్స్ కూడా అట్టిదే. దాని గుండెకాయ వంటి కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ప్రారంభించాడు. పై వ్యాఖ్యాతకూ ఈయనకూ పేరులో తప్ప సంబంధం లేదు. లినక్స్ ఏ ఆజ్ఞల వరుసతో నడుస్తున్నదో, ఆ మూలపాఠం అందరికీ తెరచి ఉంటుంది. ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. ఈ కెర్నెల్ చుట్టూ మిగిలిన సామగ్రిని అమర్చి వేర్వేరు బృందాలు వేర్వేరు కూర్పులను విడుదల చేస్తాయి. ఉబుంటు, మింట్, ఫెడోరా, పాప్ ఓఎస్ ఇట్టి కూర్పులే. ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలో అత్యంత వేగంగల 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుండి అన్నీ లినక్స్ మీదనే నడుస్తున్నాయి. కాబట్టి శక్తి లేకపోవడం దీని లోపం కాదు.

మరి ఆటల సంగతి? కంప్యూటరు ఆటలలో అధికభాగం విండోస్ కొరకు వ్రాసినవి. "ఇక్కడ ఒక త్రిభుజం గీయుము, దానికి ఈ రంగు వేయుము" అని ఆట అడిగేది డైరెక్ట్ త్రీడీ అనే భాషలో. లినక్స్‌లోని చిత్రయంత్రాంగానికి ఆ భాష రాదు. దానికి వచ్చినది వల్కన్ అనే మరొక భాష. ఇద్దరి నడుమ దుబాసీ కావలెను. వైన్ అనే దుబాసీని నిర్మించే ప్రయత్నం 1993లోనే మొదలైనది. వాల్వ్ సంస్థ దానికి మరికొన్ని భాగాలు చేర్చి, 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్ దుకాణంలోనే అమర్చినది. నేడు వేలాది విండోస్ ఆటలు ఈ దుబాసీ సాయంతో లినక్స్ మీద నడుస్తున్నాయి. మూలపాఠం చేతిలో లేని వేలకొలది ఆటలను, వాటిలో ఒక్క అక్షరం మార్చకుండా, పరాయి వ్యవస్థ మీద నడిపించడం సామాన్యమైన విజయం కాదు.

ఇంతటి విజయం తరువాత కూడా కొత్త ఆటగాడు గడప వద్దనే తూలి పడుతున్నాడు. అతడిని పడవేసే అడ్డంకులు మూడు. ఆ మూడూ ఒక జాతివి కావు. వాటిని కలగలిపి మాట్లాడటం వల్లనే లినక్స్‌ను మెచ్చేవారి వాదమూ తెగడేవారి వాదమూ దారి తప్పుతున్నాయి.

మొదటిది, ఎంపిక. విండోస్ కొన్నవానికి ఈ చిక్కు లేదు. లినక్స్ కోరినవానిని మాత్రం "ఏ కూర్పు?" అని మొదటి అడుగులోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల జ్ఞానం కొన్ని నెలలు వాడిన తరువాత గాని రాదు. పై పందెంలో సెబాస్టియన్ పాప్ ఓఎస్‌ను ఎంచుకొన్నాడు. సహచరుడు మింట్‌ను ఎంచుకొన్నాడు. రెండింటి లోపలా ఉన్నది లినక్స్ కెర్నెలే. అయినా మింట్ పెట్టుకొన్న సహచరునికి ఇట్టి ప్రమాదం జరుగలేదు. విత్తనాల పేర్లు తెలియని వానిని అంగడిలో నిలబెట్టి, "నీకు స్వేచ్ఛ ఉన్నది, కోరుకొనుము" అంటే అది అతనికి ఉపకారం కాదు.

రెండవది, భాష. అసలు ప్రమాదం ఇక్కడనే జరిగినది. సెబాస్టియన్ మొదట పాప్ ఓఎస్‌లోని దుకాణం బొమ్మను నొక్కి స్టీమ్‌ను అడిగాడు. అది విఫలమైనది. స్టీమ్‌కు అవసరమైన 32-బిట్ భాగాలకూ, వ్యవస్థలో ఉన్న భాగాలకూ ఆ కొద్ది రోజులలో పొత్తు కుదరక పోవడమే కారణం. ఇది కూర్పు చేసినవారి పొరపాటు. అప్పుడాయన టెర్మినల్ తెరచి, ఆజ్ఞను టైపు చేశాడు. వ్యవస్థ లెక్క వేసుకొన్నది: స్టీమ్‌ను పెట్టవలెనంటే దానితో పొసగని భాగాలను తీసివేయవలెను, తీసివేయవలసిన వాటిలో తెరమీది కిటికీలను నిలబెట్టే భాగాలే ఉన్నాయి. ఆ భాగాల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా జాబితాగా తెరమీద పడ్డాయి. ఇది హాని కలిగించవచ్చునని హెచ్చరిక, "అవును, నేను చెప్పినట్లే చెయ్యి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని టైపు చేస్తే గాని ముందుకు పోనని షరతు కూడా వచ్చాయి. ఆయన టైపు చేశాడు. యంత్రం మాట నిలబెట్టుకొన్నది.

"హెచ్చరిక ఉన్నది గదా, చదువుకోవద్దా?" అని చాలామంది లినక్స్ అభిమానులు ఆయనను తప్పు పట్టారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. కాని ఉపాధ్యాయులు తమ ప్రయోగశాలను ఒకసారి తలచుకొనవలెను. గంధకికామ్లం సీసామీద రసాయన సంకేతం మాత్రమే వ్రాసి, మొదటిరోజు వచ్చిన విద్యార్థికి అందేటట్లు బల్లమీద పెట్టి, అతని చేయి కాలిన తరువాత "సంకేతం వ్రాసియే ఉన్నది గదా" అంటే ఎవరూ ఒప్పుకోరు. హెచ్చరిక అంటే అక్షరాలు ఉండటం కాదు, చదివినవానికి ఫలితం తెలియడం. ఆ జాబితాలో పదుల కొద్దీ పేర్లకు బదులు "ఇట్లు చేస్తే నీ తెర పోతుంది" అని ఒక్క వాక్యం ఉండి ఉంటే, ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆగి ఉండేవాడు. పైగా ఆటల దుకాణాన్ని పెట్టుకోవడం ప్రతి ఆటగాడూ చేసే మొదటి పని. దాని ఫలితంగా తెరయే మాయమవుతుందని అనుమానించడానికి కొత్తవానికి ఆధారం ఏమున్నది?

తయారీదారులు ఈ విమర్శను వినకపోలేదు. పాప్ ఓఎస్ వారు ఆ పొత్తును సవరించి, వాక్యం టైపు చేసినంత మాత్రాన కీలకభాగాలు తొలగిపోకుండా ఏర్పాటు చేశారు. ఆ ఆజ్ఞకు మూలమైన ఆప్ట్ అనే పనిముట్టులోకూడా త్వరలోనే అట్టి మార్పు వచ్చినది. అభిమానులు వాడుకరిని నిందించుచుండగా, నిర్మాతలు పనిముట్టును దిద్దినారు. ఇద్దరిలో శాస్త్రీయదృష్టి ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండు అడ్డంకులూ తొలగించరానివి కావనడానికి ప్రత్యక్షసాక్ష్యం ఉన్నది. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టే ఆటల యంత్రాన్ని విడుదల చేసినది. దానిలో ఉన్నదీ లినక్సే. కాని కూర్పు ఎంచుకోమని కొన్నవానిని ఎవరూ అడగరు. వ్యవస్థకు ప్రాణమైన భాగాలు చదవడానికే గాని మార్చడానికి వీలులేని స్థితిలో ఉంటాయి. కాబట్టి పొరపాటున తెర పోగొట్టుకొనే అవకాశం లేదు. తెలిసినవాడు కావాలనుకొంటే ఆ తాళం తీయవచ్చును. ఏ ఆట బాగా నడుస్తుందో, ఏది కొంత సర్దుబాటుతో నడుస్తుందో, ఏది నడవదో గుర్తులు పెట్టి కొనకముందే చూపుతారు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఇంటివానికే ఇవ్వడం ఇది. స్వేచ్ఛకూ భద్రతకూ వైరం ఉన్నదనే వాదం ఇక్కడ నిలవదు.

మూడవ అడ్డంకి పూర్తిగా వేరు. పదిమంది కలిసి ఆడే పోటీ ఆటలలో మోసాన్ని పట్టుకొనడానికి కాపలా ప్రోగ్రాములు ఉంటాయి. వాటిలో రెండు ముఖ్యమైనవి ప్రోటాన్‌తో పనిచేయగలమని 2021లో ప్రకటించాయి. అయితే అనుమతి ఇవ్వవలసినది ఆట యజమాని. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు, కొందరు ఇచ్చి తిరిగి తీసుకొన్నారు. ఏపెక్స్ లెజెండ్స్ అనే ఆట కొంతకాలం లినక్స్ మీద ఆడనిచ్చి, 2024 అక్టోబరు చివర ఆ తలుపు మూసివేసినది. కెర్నెల్‌నే మార్చుకొనగల చోట మోసగానిని పట్టడం కష్టమని వారి వాదం. అందులో బలం ఉన్నది. విండోస్ మీదకూడా మోసం ఆగలేదన్న ఎదురువాదంలోనూ బలం ఉన్నది. ఏదైనా, ఇది వాడుక సులువుకు సంబంధించిన లోపం కాదు. లినక్స్ నిర్మాత ఎంత శ్రమించినా ఇంటిలోపలినుండి గడియ తీయవలసినవాడు ఆట యజమానే. కాబట్టి "ఏ ఆటైనా నడుస్తుంది" అని కొత్తవానికి ఆశ చూపడం, "ఏదీ నడవదు" అని భయపెట్టడం, రెండూ అసత్యాలే.

ఈ చర్చ ఆటలతోనే ముగియదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. కొంతకాలం అదనపు రక్షణ పొందే ఏర్పాటు ఉన్నా అది శాశ్వతం కాదు. విండోస్ 11 కోరే భద్రతా భాగం పాత కంప్యూటర్లు అనేకంలో లేదు. ఇంకా చక్కగా పనిచేసే యంత్రాన్ని పక్కన పడవేయడమా, లినక్స్‌తో మరికొన్నేళ్ళు నడపడమా అన్న ప్రశ్న ఎన్నో ఇళ్ళకు వచ్చినది. ఆ ఇంటిలో లినక్స్‌ను ముందుగా తాకేది చాలాసార్లు ఆటలు ఇష్టపడే పిల్లవాడే. మొదటిరోజు వానికి నల్లని తెర ఎదురైతే, పోయేది ఒక ఆట కాదు. పనికివచ్చే యంత్రం చెత్తకుప్పకు పోతుంది, "ఇది మనవల్ల కాదు" అనే భావం వాని మనస్సులో మిగులుతుంది.

కనుక పిల్లలకు దారి చూపే ఉపాధ్యాయులు రెండు జాగ్రత్తలు చెప్పవలెను. చాలా లినక్స్ కూర్పులను పెన్‌డ్రైవు నుండే నడిపి చూడవచ్చును. పాత వ్యవస్థను తుడిచివేయనక్కరలేదు. తాము ఆడే ఆట ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందే విచారించుకొనవచ్చును. ఇక నిర్మాతలు చేయవలసినది ఒక్కటే: తాము వ్రాసే ప్రతి హెచ్చరికనూ విడుదలకు ముందు, కంప్యూటరు విద్య చదువని ఒక మనిషిచేత చదివించి, అతనికేమి అర్థమైనదో అడుగవలెను.