మూసిన రంధ్రము – నిలిచిన వినికిడి

కర్ణభేరికి పడిన రంధ్రమును రోగి చెవినుండి తీసిన మృదులాస్థితో మూయు శస్త్రచికిత్సను గూర్చిన వైద్య నివేదికలలో ‘విజయము’ అను మాట తరచుగా కనిపించును. దాని అర్థమేమి? అతుకు పట్టుకొన్నదనియా? రోగికి చక్కగా వినబడుచున్నదనియా? పదేండ్ల తరువాతకూడ చెవి పొడిగా నున్నదనియా? ఈ మూడును వేరువేరు సంగతులు. పెక్కు నివేదికలు కొద్ది నెలలలో మొదటిదానిని మాత్రము చూచి, తక్కిన రెండును సిద్ధించినట్లు తోపింపజేయుచున్నవి.

ఇట్టి తొందరపాటు క్రొత్తది కాదు. 1950ల ఆరంభమున జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ అను వైద్యులు ఈ చికిత్సకు పునాది వేసినపుడు చర్మమును అతుకుగా వాడిరి. మొదట ఫలితములు ఆశాజనకముగా తోచినవి. కాలము గడచినకొలది ఆ చర్మము వాచి, పొట్టు రాల్చి, అనేకులకు తిరిగి రంధ్రములు పడినవి. పిమ్మట కణత కండరమును కప్పు పలుచని పొర వాడుకలోనికి వచ్చినది. మృదులాస్థి ప్రయోగములును ఇంచుమించు ఆ కాలముననే మొదలైనవి.

మృదులాస్థి గుణములు కాదనరానివి. దానికి రక్తనాళములు లేవు; చుట్టునుండి ఊరివచ్చు పోషణతోనే బ్రదుకును. మధ్యచెవిలో గాలి ఒత్తిడి తగ్గినపుడు పలుచని పొర లోనికి గుంజుకొనిపోవును. మృదులాస్థి బిగువుగా నిలుచును. 37 పరిశోధనలను కలిపి 2017లో ప్రకటించిన విశ్లేషణలో మృదులాస్థి నూటికి 92 మందిలోను, కండరపు పొర 82 మందిలోను పట్టుకొన్నట్లు తేలినది.

అయితే ఆ బిగువే ధ్వనికి అడ్డు కావచ్చును. కర్ణభేరి మందము సుమారు 0.1 మిల్లీమీటరు, చెక్కని మృదులాస్థి అంతకు పలు రెట్లుండును. దానిని అర మిల్లీమీటరుకు పలుచన చేసినచో బిగువు నిలుచుననియు, ధ్వని నష్టము స్వల్పమనియు 2000లో ప్రకటించిన ప్రయోగములు చూపినవి. అంతకంటె చిక్కైనది మరొకటి కలదు: మృదులాస్థిగుండ లోపలికి చూపు పోదు. ఎముకను తినివేయు కొలెస్టియటోమా అను చర్మపు గడ్డ దాని వెనుక మరల పెరిగినను వైద్యునికి కానరాదు. కనుక పైకి బాగుగా కనబడు ఈ అతుకునే ఎక్కువకాలము కనిపెట్టి యుండవలెను.

ఇక్కడనే లెక్కలు తడబడును. చెవి పొడిబారినవాడు ఆసుపత్రికి తిరిగి రాడు. చెడినవాడు వేరొక వైద్యుని వెదకుకొనును. వచ్చిన కొద్దిమందిని లెక్కించి అందరికిని అన్వయించుట న్యాయము కాదు. ఎందరికి శస్త్రచికిత్స చేసిరి, అయిదవ యేట, పదవ యేట ఎందరిని చూచిరి, ముందు వెనుకల వినికిడి ఎన్ని డెసిబెల్లులు, ఎందరికి మరల కత్తి పెట్టవలసివచ్చినది—ఈ నాలుగును ప్రతి నివేదికలో ఉండవలెను. రోగి కోరునది రంధ్రము మూయుట మాత్రమే కాదు. చాలకాలము చీము లేక, మాట వినబడవలెనని.