శాలిహుండపు ఇటుకలు, చాంగాన్ గోపురము

చైనాదేశమున నేడు షియాన్ అని పేరొందిన ప్రాచీన చాంగాన్ నగరమునకు పోయిన యాత్రికుడు మహాహంస గోపురమును చూడక తిరిగిరాడు. మన దేశమున ఏండ్ల తరబడి సంచరించి, నలందలో చదివి, వందలకొలది గ్రంథములను గుఱ్ఱములపై వేసికొని క్రీ. శ. 645లో స్వదేశము చేరిన హ్యూయన్‌త్సాంగ్ పండితుడు, ఆ గ్రంథరాశికి అగ్నిభయము కలుగకుండుటకై, గావోజోంగ్ చక్రవర్తి అనుమతితో 652లో కట్టించిన కట్టడమది. ఆయన మొదట దానిని రాతితో మూడువందల అడుగుల ఎత్తున లేపదలచెననియు, అంతటి రాతిపని సాగుట కష్టమని చక్రవర్తి ఇటుకను వాడుమని చెప్పెననియు, పని ఆరంభమైన నాటినుండి ఆ మహాపండితుడు తానే గంపకెత్తి ఇటుకలు మోసెననియు శిష్యుడు హుయ్‌లీ వ్రాసిన జీవితచరిత్రము చెప్పుచున్నది. అంతకంటె మనకు ముఖ్యమైన మాట మరొకటి అందు కలదు. ఆ గోపురమును చైనాదేశపు వాడుకను బట్టి గాక, పడమటి దేశముల పద్ధతిని, అనగా మన స్తూపముల పద్ధతిని, అయిదంతస్తులుగా కట్టించెనట. లోపల మట్టి, పైన ఇటుక గల ఆ తొలి కట్టడము అర్ధశతాబ్దికే శిథిలము కాగా 701-704 నడుమ దానిని మరల నిర్మించిరి. ఇప్పుడు నిలిచియున్నది ఏడంతస్తులతో 64 మీటర్ల ఎత్తు గలది.

నలంద మొదలుకొని కాంచీపురము వరకు హ్యూయన్‌త్సాంగ్ కన్నులార చూచిన స్తూపములలో కళింగమువియు కలవు. కొంగోద దేశమునుండి మహారణ్యమార్గమున కళింగము చేరిన ఆయన, ఈ దేశపు నల్లని ఏనుగులను పొరుగు రాజులు ఎంతో మెచ్చుకొందురని వ్రాసెను. పది సంఘారామములను, అయిదువందల భిక్షువులను లెక్కించెను. రాజధానికి దక్షిణమున నూరడుగుల ఎత్తుగల అశోకస్తూపమును, ఉత్తరపు పొలిమేర కొండకొమ్మున రాతి స్తూపమును పేర్కొనెను. అప్పటికే బౌద్ధము ఇచ్చట ఎండుచున్న యేరు. శతాధికములైన దేవాలయముల నడుమ ఆ పది ఆరామములు మిగిలియుండెను. అయినను అంతకు ఎనిమిది తొమ్మిది శతాబ్దుల ముందునుండి ఈ తీరమున సాగిన ఇటుకపని యెట్టిదో తెలిసికొనవలెనన్న మనము చైనా వరకు పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లా గార మండలమున, వంశధార దక్షిణపు గట్టున, నది సముద్రమున కలియు కళింగపట్టణమునకు కొద్ది మైళ్ళ దూరములోనే, శాలిహుండము కలదు.

ఆ కొండమీది శిథిలములను 1919లో లోకమునకు ఎఱుకపఱచినవాడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టి, సవరల భాషకు వ్యాకరణము కూర్చి, వాడుకభాష పక్షమున జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని చరిత్ర చెప్పువారు శాలిహుండమును సాధారణముగా ఒక వాక్యముతో దాటవేయుదురు. అది న్యాయము కాదు. శాసనములకై ముఖలింగ క్షేత్రమును గాలించిన ఆ చూపే ఈ ఇటుకల గుట్టలపైనను పడినది. తరువాత పురావస్తుశాఖవారు పలుమారులు త్రవ్వి, క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్ది మొదలుకొని వేయి సంవత్సరములకు పైగా నిలిచిన బౌద్ధక్షేత్రమును వెలికి తీసిరి. వారి నివేదిక 1964లో వెలువడెను.

కొండ యెక్కునప్పుడు తొందరపడకుండుట మంచిది. రాళ్ళు పఱచిన బాట మలుపులు తిరుగుచు పైకి సాగును. దానికి ఇరుప్రక్కల చిన్న చిన్న ఉద్దేశిక స్తూపముల, అనగా మ్రొక్కుబడి స్తూపముల, అడుగుభాగములు, ఒక చివర అర్ధవృత్తాకారముగా మలచిన చైత్యగృహముల గోడలు, వృత్తాకారపు చైత్యగృహమొకటి ఒక్కొక్కటిగా ఎదురగును. అన్నిటికంటె పైన మహాచైత్యము, అనగా ప్రధాన స్తూపము. వంగి ఒక ఇటుకను పరికింపుడు. ఇప్పటి తొమ్మిదంగుళముల ఇటుకకు అది ఇంచుమించు రెండింతల పొడవుండును. వెడల్పు అధికము, మందము స్వల్పము. విరిగినచోట కన్నుపెట్టి చూచినచో, మట్టిలో కలిపిన ఊక కాలిపోగా మిగిలిన సన్నని బొఱ్ఱెలు కన్పట్టును. ఊక కలిపిన పచ్చి ఇటుక నీడన ఆరునప్పుడు బీటవారదు. ఆవములో మంట లోపలిదాక పోయి ఇటుక నడుమ పచ్చిగా మిగులదు. వరి పండు నేలపై, ఏటి ఒండ్రును ఊకను చేర్చి, ఈ కొండ క్రిందనే ఇంతటి సామగ్రిని సమకూర్చుకొన్న పనివారి నేర్పు మన ఆదరమునకు పాత్రమైనది.

అయితే ఇటుకను మించిన నేర్పు దాని అమరికలో ఉన్నది. ఒక పెద్ద అర్ధగోళమును పూర్తిగా ఇటుకతో నింపవలెనన్న ఖర్చునకు అంతుండదు. అట్లని మట్టికుప్ప పోసి చుట్టును ఇటుకతొడుగు వేసినచో, నాలుగు వానలు కురిసిన తరువాత తడిసిన మట్టి ఉబ్బి ప్రక్కలకు త్రోయగా తొడుగు పగిలిపోవును. తెలుగుదేశపు స్థపతులు దీనికి వాడిన ఉపాయము బండిచక్రము వంటి అడుగుపటము. నట్టనడుమ నాభివలె గట్టి ఇటుకకట్టు, దానినుండి నలుదిక్కులకు ఆకులవలె సాగు అడ్డగోడలు, చివర వాని నన్నిటిని కలుపుచు నేమివలె చుట్టుగోడ. గోడల నడుమ ఏర్పడిన గదులలో మట్టి కూరి దిమ్మిస కొట్టుదురు. మట్టి త్రోపును ఒక్కొక్క గది విడివిడిగా భరించును. చుట్టుగోడను ఆకులు లోపలికి బిగబట్టియుంచును. ఇటుక మిగులును, బలము తగ్గదు. పైగా బుద్ధుడు ప్రవర్తింపజేసిన ధర్మచక్రము, కంటికి కనబడకున్నను, కట్టడపు కడుపులోనే ఉండును. పెదగంజాము, కృష్ణాతీరపు నాగార్జునకొండ మొదలుకొని ఉత్తరమున బావికొండ, శాలిహుండముల వరకు ఈ పద్ధతి వ్యాపించినది. శిల్పమునకు పేరొందిన అమరావతిని గూర్చి మనవారు వ్రాసినంత, ఈ చక్రాకృతిని గూర్చి వ్రాయలేదు. నా దృష్టిలో తెలుగు స్థపతి బుద్ధిబలమునకు ఇది శిల్పమునకంటె గొప్ప నిదర్శనము.

శాలిహుండమునకు వచ్చి అమరావతివంటి చెక్కడపు పలకలు లేవేమని చిన్నబుచ్చుకొనువారు కొందఱుందురు. పలనాటి సున్నపురాయి మెత్తనిది, పొరలుగా లేచునది, ఉలికి లొంగునది. మన తూర్పుకనుమల రాయి వేరు. ఖొండు గిరిజనుల పేరుమీదనే ఖొండలైటు అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ రాయిని సింహాచలమున, కోణార్కమున తరువాతివారు అద్భుతముగా మలచిన మాట నిజమే గాని, పలుచని పలకలుగా కోసి స్తూపపు అర్ధగోళమునకు తొడుగుటకు అది పనికిరాదు. అందుచేత ఇచ్చటివారు ఇటుకను నమ్మిరి. స్తూపమునకు సున్నపు పూత పూయుట ఆనాటి వాడుక. తెల్లని అర్ధగోళము కొండకొమ్మున ఎండలో మెఱయుచుండగా, కళింగపట్టణపు రేవునకు వచ్చు నావికుల కండ్లకు అది ఎట్లు కన్పించియుండునో ఊహింపుడు.

అనకాపల్లికి చేరువనున్న శంకరము కొండలమీద స్థపతులు మరియొక త్రోవ త్రొక్కిరి. బొజ్జన్నకొండ శిఖరమున కొండరాతినే స్తూపముగా తొలిచి, దానికి పైన ఇటుకతొడుగు వేసిరి. ప్రక్కనున్న లింగాలకొండమీద రాతిలోనుండి వరుసలు వరుసలుగా ఏకశిలా స్తూపములను మలచిరి. కొండను తెగగొట్టి చదును చేయక, కొండ ఉన్న తీరును తమ పనికి వాడుకొనుట మన ఉత్తరాంధ్ర పద్ధతి. విజయనగరమునకు చేరువనున్న నెల్లిమర్ల మండలపు రామతీర్థమున గురుభక్తులకొండ నెక్కినవారికి ఇది మరింత స్పష్టమగును. పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ 1908 మొదలు త్రవ్వించిన ఆ క్షేత్రమున, నిటారైన కొండరాతి ప్రక్కనే ఒక ఇరుకైన చదునుమీద, ఇంచుమించు 65 అడుగుల అడ్డుకొలత గల స్తూపము, చైత్యగృహములు, భిక్షువుల గదులు వరుసగా నిలుపబడినవి. ఆ కొండకు పొరుగుననే బోధికొండమీద జైనుల ప్రతిమలు, ఊరిలో శ్రీరాముని కోవెల. మూడు మతములవారు ఒకే చోటును కోరుకొనిరన్న, చోటునందే ఏదో మహిమ ఉండవలెను. నా మట్టుకు అది రాతినీడ, కొండనీరు, పొలముల చూపు అనియే తోచును. తొట్లకొండ, బావికొండ అను పేర్లే చెప్పుచున్నట్లు, వాననీటిని రాతి తొట్లలో నిలిపి ఏడాది పొడవున వాడుకొను నేర్పు లేనిదే ఈ కొండలపై సంఘములు నిలిచియుండెడివి కావు.

ఇక స్తూపము గోపురమైన తీరు. స్తూపమునకు అడుగున వేదిక, దానిపై అర్ధగోళపు అండము, అండముపై హర్మిక యను చదరపు కట్టు, దానినుండి లేచు యష్టి యను కడ్డీ, యష్టికి ఛత్రములు. గాంధారమున అడుగు వేదిక అంతస్తులు అంతస్తులుగా పెరిగెను; ఛత్రముల సంఖ్య హెచ్చెను; అండము కుదించుకొనిపోయెను. చైనావారికి అంతకు ముందే బహుభూమికములైన కొయ్యమేడలు కట్టు విద్య పట్టుబడియుండెను. ఆ మేడ నెత్తిన మన స్తూపమును యథాతథముగా ఎత్తిపెట్టగా చైనా గోపురము పుట్టినది. ఇది అలంకారముగా చెప్పిన మాట కాదు. ఆ దేశపు అనేక ప్రాచీన గోపురముల శిఖరములను నిదానించి చూడుడు: బోర్లించిన గిన్నెవంటి అండము, దాని నడుమనుండి లేచిన కడ్డీ, కడ్డీకి గ్రుచ్చిన చక్రములు కన్పించును. శాలిహుండమున మనము ప్రదక్షిణము చేయునది అచ్చట ఆకాశమున చిన్నదై నిలిచియున్నది. 523లో ఇటుకతో కట్టిన సాంగ్‌యువే గోపురము పండ్రెండు ముఖములు గలది; 1056లో యింగ్‌షియాన్‌లో కొయ్యతో కట్టిన గోపురము 67 మీటర్ల ఎత్తున నేటికిని నిలిచియున్నది. ధాతువులను నిక్షేపించుట మాత్రము రెండుచోట్లను మాఱలేదు. భట్టిప్రోలులో రీ 1892లో తెఱచిన రాతిపెట్టెలలో స్ఫటికపు భరిణె, బంగారుపూలు ఉండగా, షియాన్ పడమటనున్న ఫామెన్ ఆలయ గోపురము క్రింద 1987లో తెఱచిన భూగృహమున బంగారు వెండి పేటికల మధ్య బుద్ధధాతువు బయల్పడెను.

భేదమొక్కటి గమనింపదగినది. మన స్తూపమునకు లోపల చోటు లేదు. భక్తుడు దాని చుట్టును తిరుగును, కొండ బాటగుండా పైకి వచ్చును. చైనా గోపురమునకు లోపల మెట్లున్నవి. భక్తుడు దానిలోనే పైకి ఎక్కును. మనకు కొండ చేసిన పనిని అచ్చట కట్టడమే చేయవలసివచ్చినది.

తోటల విషయమునను ఈ పోలిక ఉపకరించును. చైనాలోని సూచౌ నగరపు తోటలు జగత్ప్రసిద్ధములు. పదునారవ శతాబ్ది ఆరంభమున ఒక విశ్రాంత అధికారి వేయించిన, వినమ్రాధికారి తోట యని పేరుగల ఉద్యానమున కొలనునకు ఒక కొసన నిలిచి చూచినచో, తోటకు వెలుపల దూరముననున్న ఉత్తరాలయ గోపురము చెట్ల సందున, తోటలోనిదే యనునట్లు కన్పట్టును. తనది కాని దృశ్యమును తన ఉద్యానమునకు అరువు తెచ్చుకొను ఈ విద్యను జీచెంగ్ అను తోటపని నిపుణుడు పదునేడవ శతాబ్దిలో గ్రంథస్థము చేసెను. బుద్ధునకు మొట్టమొదట లభించిన విహారములు తోటలే: బింబిసారుడిచ్చిన వేణువనము, అనాథపిండికుడు కొని యిచ్చిన జేతవనము. ఆ వాసన శాలిహుండమున చెడలేదు. ఇచ్చటివారు గోడ కట్టలేదు, కొలను త్రవ్వలేదు; వంశధారను, కళింగపట్టణపు కడలిని, క్రింది పొలములను అరువు తెచ్చుకొనిరి. బాట మలుపులు తిరుగుటలోను ఆ విద్యయే. ప్రతి మలుపునకు ఒక స్తూపము, ఒక నదీఖండము బయల్పడుచుండగా, మహాచైత్యము కడపట గాని కన్పించదు.

ఈ క్షేత్రము నిలిచిన చివరి శతాబ్దులలో ఇచ్చట తార, మారీచి మొదలగు వజ్రయాన దేవతలను కొలిచిరి. మారీచి ఉషోదేవత, ఆమె రథమును లాగునవి ఏడు వరాహములు. అరసవల్లిలోని సూర్యదేవుని రథమునకు ఏడు గుఱ్ఱములు. ఒకే సీమలో ప్రాతఃకాలపు వెలుగునకు రెండు మతములవారు రెండు రథములను పూన్చిరి.

ఇప్పుడు ఆ కొండ పురావస్తుశాఖవారి రక్షణలో ఉన్నది. అయినను ఏ రక్షణమైనను చూడవచ్చినవారి మర్యాదను మించి పనిచేయదు. స్తూపములపైకి ఎక్కి ఛాయాచిత్రములు తీయించుకొనుట, వదులైన ఇటుకను జ్ఞాపికగా సంచిలో వేసికొనుట, గోడపై పేరు గీయుట మానవలసిన పనులు. అమరావతి పలకలను ఇండ్లకును మెట్లకును వాడుకొన్న పొరపాటునకు తెలుగుజాతి ఎంత మూల్యము చెల్లించినదో మనము ఎఱుగుదుము. మన ఉత్తరాంధ్ర జిల్లాల ఉపాధ్యాయులు పిల్లలను ఇచ్చటికి తీసికొనివచ్చి, నాభి ఎక్కడ, ఆకులెక్కడ, మట్టి కూరిన గదులెక్కడ యని వేలితో చూపవలెను. కట్టడపు శాస్త్రము చదువు విద్యార్థులు కొలతలు తీసి పటములు గీయవలెను. గార మండలములోనే శ్రీకూర్మమున్నది, కళింగపట్టణమున్నది. అరసవల్లియు దూరము కాదు. రథసప్తమికో, కూర్మనాథుని దర్శనమునకో వచ్చు యాత్రికులారా, మరొక్క పూట శాలిహుండమునకు కేటాయింపుడు. ఎండ ముదురకమునుపే కొండ యెక్కుడు, నీరు వెంట తీసికొనిపొండు, తిరిగి వచ్చునప్పుడు ఇటుకలను ఉన్నచోటనే ఉంచి రండు.