కూలి అడిగిన హీరో

మా పల్లెకి మొదటి ఇంగ్లీషు బొమ్మల పుస్తకం వేరుశనక్కాయల పొట్లంగా వచ్చింది. నాయన వూళ్ళో ఆసామి దగ్గర పాలేరు. ఆసామి కొడుకులు పట్నంలో చదువుకునేవాళ్ళు. వాళ్ళు చదివి పారేసిన పుస్తకాలు కొట్టుకి తూకానికి పోయేవి. కాయలు తిన్నాక కాగితం నాది.

ఆ కాగితంలో పొడుగు టోపీ పెట్టుకున్న తెల్లాయన ఉన్నాడు. ఆయన వెనకాల కొండంత నల్లాయన. చిరతపులి తోలు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు అప్పటికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ నల్లాయన నాకు తెలుసు. ఆసామి అరుగు మీద కూర్చుంటే కింద మా నాయన అట్టాగే నిలబడేవాడు.

పిల్లలం ఆ బొమ్మ చూసి ఆట కట్టుకున్నాం. అందరికీ టోపీ ఆయన వేషమే కావాలి. నల్లాయన వేషం వెయ్యమంటే ఒక్కడూ రాలేదు. నల్లగా ఉన్న మేమే నల్లాయన్ని వద్దన్నాం. ఆ సంగతి చాలా ఏళ్ళు నా కాల్లో ముల్లులాగా ఉండిపోయింది.

ఆయన పేరు లోథర్ అని ఇంటర్‌కి వచ్చాక తెలిసింది. 1934లో అమెరికా పత్రికల్లో లీ ఫాక్ రాసి, ఫిల్ డేవిస్ గీసిన మాండ్రేక్ కథల్లో ఈ లోథర్ ఆఫ్రికా రాజకుమారుడు. రాజ్యం వదులుకుని తెల్ల మాంత్రికుడి వెనక నడిచాడట! వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడించి నవ్వించారు. అదే లీ ఫాక్ 1936లో ఫాంటంని పుట్టించాడు. అడవి నల్లవాళ్ళది, సింహాసనం తెల్లవాడిది. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్ పేరుతో వీళ్ళిద్దర్నీ మన దేశమంతా తిప్పారు. మన సాహిత్యంలో లోథర్లు తక్కువున్నారా? నమ్మకస్తుడైన పాలేరు, దొర కోసం ప్రాణమిచ్చే పాలేరు! వాడికో ఇల్లుందని, ఆకలుందని ఒక్క పేజీలో ఉండదు.

అయితే అక్కడి పిల్లలు మాలాగా ఊరుకోలేదు. కెప్టెన్ మార్వెల్ కథల్లో స్టీమ్‌బోట్ అనే నల్ల నౌకరు పాత్ర ఉండేది. లావు పెదాలు, వెకిలి మాటలు. 1945లో న్యూయార్క్ బడి పిల్లలు ప్రచురణ సంస్థ ఆఫీసుకే పోయి, ఇట్టాంటి బొమ్మ మా జాతి మొత్తానికి అవమానం అని నిలదీశారు. ఆ పాత్రని తీసేశారు. విద్యార్థి మిత్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. వాళ్ళు మీకంటే చిన్నవాళ్ళు.

తప్పు బొమ్మ తీయించడం ఒక పని. మన బొమ్మ మనం వేసుకోవడం ఇంకో పని. 1947లో ఫిలడెల్ఫియా జర్నలిస్టు ఒరిన్ ఇవాన్స్ ఆ రెండో పనికి పూనుకున్నాడు. ఆల్ నీగ్రో కామిక్స్ అని పేరు పెట్టాడు. రాసినవాళ్ళూ గీసినవాళ్ళూ అందరూ నల్లవాళ్ళే. మిగతా పుస్తకాలు 10 సెంట్లయితే ఇది 15. అందులో ఏస్ హార్లెం అనే డిటెక్టివ్, లయన్ మాన్ అనే నల్ల శాస్త్రవేత్త ఉన్నారు. ఒక్క సంచికే వచ్చింది. రెండో సంచిక తయారైంది గానీ ఇవాన్స్‌కి కాగితం అమ్మేవాడు దొరకలేదు. ఆయన కలానికి అడ్డు రాలేనివాళ్ళు కాగితం దగ్గర అడ్డం పడ్డారు.

1990ల్లో మేం నలుగురం కలిసి ఒక చిన్న పత్రిక వేద్దామనుకున్నాం. టౌన్లో ప్రెస్సాయన రాతప్రతి చదివి, "ఈ రెండు కథల్లో కులం పేర్లు తీసెయ్యండి, వేస్తా" అన్నాడు. కులం పేరు తీస్తే ఆ కథలో మేం ఉండం. కాగితాలు చంకన పెట్టుకుని వచ్చేశాం. సైక్లోస్టైల్ చేసి పంచాం. అందుకే ఇవాన్స్ సంగతి చదివినప్పుడు ఫిలడెల్ఫియా నాకు పక్కవూరే అనిపించింది.

ఇక పెద్ద కంపెనీల హీరోల దగ్గరికి వద్దాం. 1966 జులై తేదీ వేసిన ఫెంటాస్టిక్ ఫోర్ 52వ సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ బ్లాక్ పాంథర్‌ని తెచ్చారు. వకాండా రాజు. ఎవడి వెనకా నిలబడడు. లోథర్‌ని చూసిన కళ్ళకి ఇది పెద్ద మాటే. కానీ ఒక సంగతి చూడండి. మొదట గీసిన అట్ట మీద సగం ముసుగే. కింద నల్లటి ముఖం కనపడేది. అచ్చయి వచ్చిన అట్ట మీద ముఖమంతా ముసుగు.

అదే ఏడాది అక్టోబరులో ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. వాళ్ళకి ఆ పేరు కామిక్ పుస్తకం ఇవ్వలేదు. అలబామాలో లౌండెస్ కౌంటీ నల్లవాళ్ళు ఓటు కోసం పెట్టుకున్న పార్టీ గుర్తు నల్ల చిరుత. పేరు ఆ మట్టిలోది. పార్టీ పేరు మారుమోగేసరికి ప్రచురణకర్తలకి గుబులు పట్టుకుంది. 1972లో వాళ్ళ హీరో తన పేరు బ్లాక్ లెపర్డ్ అని మార్చి చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ పాత పేరుకే వచ్చాడనుకోండి. అదే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్, వాళ్ళ మిత్రులు దళిత్ పాంథర్స్ పెట్టారు. ఓక్లాండ్ పార్టీ పేరే పెట్టుకున్నారు. అక్కడ కంపెనీ అంటు అనుకుని దూరం పెట్టిన పేరుని ఇక్కడ అంటరానివాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు!

ఆ 1972లోనే ఇంకొకడు వచ్చాడు. ల్యూక్ కేజ్. చెయ్యని నేరానికి జైల్లో పడి, అక్కడ జరిగిన ప్రయోగంలో తూటా దిగని చర్మం తెచ్చుకున్నవాడు. బయటికొచ్చి హీరో పనికి కూలి పెట్టాడు. పుస్తకం పేరే కూలికి దొరికే హీరో అని. దీన్ని చాలామంది చిన్నచూపు చూశారు. తెల్ల హీరోలు ధర్మానికి చేస్తుంటే వీడు డబ్బు అడుగుతాడేమని! తిండికి లోటు లేనివాడు ధర్మానికి ఎన్నయినా చేస్తాడు. ఆ కథలు ఎక్కువగా రాసిందీ తెల్లవాళ్ళే. కేజ్ నోట్లో పెట్టిన యాస చాలాచోట్ల అరువు యాస. అదంతా ఒప్పుకుంటూనే ఒక కథ చెప్తాను.

1973లో వచ్చిన కథ. డాక్టర్ డూమ్ అని ఒక దేశాన్నేలే దుర్మార్గుడు కేజ్ చేత పని చేయించుకుని, 200 డాలర్ల కూలి ఎగ్గొట్టి తన దేశం పోతాడు. కేజ్ వేరే హీరోల దగ్గర రాకెట్టు అడుక్కుని, సముద్రాలు దాటిపోయి, ఆ రాజు కోటలో నిలబడి నా కూలి నాకియ్యి అంటాడు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద ఈ పుస్తకం దొరికింది. అక్కడే నిలబడి నవ్వుకుంటూ చదివాను. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

మా నాయనకి ఒక ఏడు ఏడాది జీతంలో సగం ఆసామి ఎగ్గొట్టాడు. నాయన తువ్వాలు చంకలో పెట్టుకుని గేటు బయట నిలబడేవాడు. "రేపు రారా" అనేవాళ్ళు. నేను పక్కన నిలబడేవాణ్ణి. చివరికి అడగడం మానేశాడు. సెలవులకి ఇంటికి పోయినప్పుడు కేజ్ కథ నాయనకి చెప్పాను. రాకెట్టూ కోటా ఆయనకి పట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు నాయనా."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఏ విమర్శకుడూ ఇంతకంటే మంచి ప్రశ్న వెయ్యలేదని నా నమ్మకం.

నాయన ప్రశ్ననే పట్టుకుని బ్లాక్ పాంథర్ దగ్గరికి మళ్ళీ పోదాం. ఆ హీరోకి పెద్ద కథ 1973లో దొరికింది. ఎక్కడ? జంగిల్ యాక్షన్ అనే పత్రికలో. అంతకుముందు అందులో వేసినవి అడవిలో తెల్ల వీరుల పాత కథలు. డాన్ మెక్‌గ్రెగర్ రాయగా, బిల్లీ గ్రాహం అనే నల్ల చిత్రకారుడు చాలా సంచికలు గీశాడు. తర్వాత ఆ హీరోని జార్జియా తీసుకుపోయి కు క్లక్స్ క్లాన్‌తో తలపడించారు. ఆ కథ తేలకముందే 1976లో పత్రిక ఆగిపోయింది. పాంథర్ సొంత పత్రికని నడిపే కలం ఒక నల్ల రచయిత, క్రిస్టఫర్ ప్రీస్ట్ చేతికి వచ్చింది 1998లో. హీరో పుట్టిన 32 ఏళ్ళకి!

అప్పటికే నలుగురు నల్లవాళ్ళు వేరే దారి తొక్కారు. డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్. 1993లో మైల్‌స్టోన్ పేరుతో పుస్తకాలు తెచ్చారు. డీసీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. అచ్చూ పంపిణీ డీసీది. పాత్రల హక్కు, ఏం రాయాలనే మాట మైల్‌స్టోన్‌ది. వాళ్ళ హార్డ్‌వేర్ కథలో నల్ల ఇంజనీరు కనిపెట్టినవన్నీ యజమాని సొత్తవుతాయి. లాభంలో వాటా అడిగితే నువ్వు జీతగాడివి అంటాడు. వాళ్ళ స్టాటిక్ అసలు పేరు వర్జిల్ హాకిన్స్. అది 1949లో ఫ్లోరిడా యూనివర్సిటీ లా కాలేజీలో సీటు అడిగి, నల్లవాడని కాదనిపించుకున్న నిజం మనిషి పేరు.

నన్ను బాగా గుచ్చింది మాత్రం ఐకాన్. ఇతను డబ్బున్న నల్ల లాయరు. ఎవడి కష్టంతో వాడే పైకి రావాలంటాడు. అతనికి అతీత శక్తులున్నాయి, వాడడు. పేదవాడ నుంచి వచ్చిన పదిహేనేళ్ళ రాకెల్ అనే పిల్ల అతన్ని కడిగేసి, హీరోగా బయటికి లాగుతుంది. నాకు ఉద్యోగం వచ్చాక పట్నంలో ఇల్లు కట్టుకున్నాను. పల్లెకి పోవడం ఏడాదికొకసారికి పడిపోయింది. ఆ పుస్తకం చదువుతుంటే ఆ పిల్ల నన్నే అడుగుతున్నట్టుంది. రిజర్వేషన్‌తో ఎదిగి గేటు వేసుకున్నవాళ్ళం మనలో ఎంతమందిమి లేం?

1997కల్లా మైల్‌స్టోన్ పుస్తకాలు ఆగిపోయాయి. స్టాటిక్ 2000 నుంచి 2004 దాకా టీవీలో బతికాడు. మెక్‌డఫీ 2011లో చనిపోయాడు. 2018లో ర్యాన్ కూగ్లర్ తీసిన బ్లాక్ పాంథర్ సినిమా ప్రపంచమంతా కలిపి 130 కోట్ల డాలర్లు దాటింది. నేనూ చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్ళు నిజం. కానీ ఆ బొమ్మ హక్కు డిస్నీ కంపెనీది. ఇదీ నిజమే.

మా తమ్ముడి కొడుకు ఆ సినిమా చూసొచ్చి నోటుబుక్కు వెనకాల ఒక హీరోని గీశాడు. నల్లగా ఉన్నాడు. ముఖానికి ముసుగు లేదు. చంకలో తువ్వాలుంది.

"ఈ తువ్వాలేందిరా?" అన్నాను.

"తాతది పెదనాయనా. ఎగరడానికి."

ఆ బొమ్మకి ఇంకా పేరు పెట్టలేదు. పేరు వాడే పెడతాడు. కాగితం డబ్బులు ఈసారి ముందే పోగు చేస్తున్నాం.