వారాల భోజనం నుంచి ఉపకార వేతనం దాకా

మన సంగీత విద్వాంసుల జీవితచరిత్రలన్నింటిలో ఒక అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. అది కష్టాల అధ్యాయం. చిన్నతనంలో తండ్రి పోవడం, కాలినడకన ఊళ్ళు తిరగడం, పస్తులుండటం, చివరికి ఒక దయామయుడైన గురువు దొరకడం, ఆ తర్వాత కీర్తి. రచయిత ఈ వరస చెప్పి, కష్టపడితే ఫలితం దక్కుతుందని నీతి తీసి, తర్వాతి అధ్యాయంలోకి వెళ్ళిపోతాడు. దాన్నే కుదించి పాఠ్యపుస్తకంలో పెడతారు. మేం తరగతిలో చదివి వినిపిస్తాం. పిల్లలు 'సాధనతో అన్నీ సాధ్యమే' అని జవాబు రాసి మార్కులు తెచ్చుకుంటారు.

ఈ చరిత్రలు అడగని ప్రశ్న ఒకటుంది. సాధన చేసిన ఆ సంవత్సరాల్లో అతనికి అన్నం పెట్టిందెవరు? అదే వయసులో, అంత గొంతూ ఉండి, అన్నం దొరకనివాళ్ళు ఏమయ్యారు?

సంగీతానికి మొదటి పెట్టుబడి తంబురా కాదు, వయొలిన్ కాదు. కాలం. సరళీస్వరాలు మొదలుపెట్టిన పిల్లవాడు కచేరీ చెయ్యడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళూ అతను సంపాదించడు. అతని తిండి మరెవరో సంపాదించాలి. కనుక సాధన ఒక వ్యక్తి గుణం మాత్రమే కాదు, ఇతరుల శ్రమ మీద నిలబడిన ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎవరి చేతిలో ఉంటే, ఎవరు పాడాలో వాళ్ళే నిర్ణయిస్తారు. ఏ పాట మనకు వినబడుతుందో, ఏ పాట గొంతులోనే ఆగిపోతుందో అక్కడే తేలిపోతుంది. కళ గురించి మాట్లాడేవాళ్ళు రాగతాళాలకు ముందు తేల్చుకోవలసిన విషయమిది.

ఘంటసాల జీవితం అందరికీ తెలిసిందే కాబట్టి దానితోనే మొదలుపెడదాం. 1922లో పుట్టిన ఆయనకు చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. వెళ్ళేసరికి కళాశాలకు సెలవులు. వారాలు చేసుకున్నారు, మధుకరం ఎత్తారు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో చోటిచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. శాస్త్రిగారు ధనవంతులు కారు. తమ ఇంట్లో ఉన్న కొద్దిపాటి అన్నంలో మరొకరికి పాలు పెట్టారు. తెలుగువాళ్ళు కొన్ని దశాబ్దాలపాటు విన్న ఆ గొంతు వెనుక ఒక పేద ఉపాధ్యాయుడి వంటగది ఉంది. ఈ మాట ఆ మహాగాయకుడిని తగ్గించదు, ఆ గురువును పెంచుతుంది.

అయితే ఇక్కడ ఆగిపోకూడదు. వారాలంటే ఏమిటి? వారానికి ఏడు రోజులు, ఏడు ఇళ్ళు. ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. నిజానికి అదొక విద్యార్థి వేతనం. దాన్ని ఊరే ఇచ్చింది, ఏ దరఖాస్తూ అడగకుండా ఇచ్చింది. కాని దానికీ ఒక అర్హత పత్రం ఉంది. అది జంధ్యం. మాల పిల్లవాడు, మంగలి పిల్లవాడు, దూదేకుల పిల్లవాడు ఆ ఇళ్ళ ముందు నిలబడితే వారం కుదిరేది కాదు. ఆకలి ఒక్కటే, ఆకలికి దొరికిన మన్నన వేరు. జీవితచరిత్రకారులు వారాల భోజనాన్ని వ్యక్తి కష్టంగా రాశారు గాని, ఒక కులానికి మాత్రమే తెరిచి ఉన్న సదుపాయంగా రాయలేదు. రెండూ నిజమే. ఒకటి రాసి రెండోది వదిలెయ్యడమే వాళ్ళ దృక్పథం.

జమీందారీ పోషణ కూడా ఇలా రెండు ముఖాలున్నదే. విజయనగరం సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ స్థానంలోకి వచ్చారు. అక్కడ ఎంతోమంది విద్యావంతులయ్యారు, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కాని ఆ ఖజానాలోకి వచ్చిన డబ్బు రైతు కట్టిన శిస్తు. శిస్తు కట్టిన రైతు కొడుకు నాట్లప్పుడు పాడిన పాట ఆ కళాశాలలో పాఠం కాలేదు. పోషణ వచ్చింది కిందినుంచి, పోషకుడి పేరు పైన నిలిచింది.

మరి వారాలూ లేక, జమీందారూ లేక ఎదిగినవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళనెవరు నిలబెట్టారో చూడాలి.

షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టారు. నాటక సమాజంలో వేషాలు వేశారు, కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, పొట్టకోసం దర్జీపని చేశారు. సంగీతం చేతిలో ఉంది, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. ఆ చోటు 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఇచ్చింది. బుర్రకథను కొత్త బాణీలో నిలబెట్టడానికి తోటివాళ్ళను ఇచ్చింది, చెప్పడానికి బెంగాల్ కరువులాంటి విషయాన్ని ఇచ్చింది, వినడానికి వేలమందిని ఇచ్చింది. ఈనాటి భాషలో ఇది శిక్షణే. గురువు ఒక్కడే కానక్కరలేదు. కథను విని 'ఇక్కడ మాకు అందలేదు' అన్న శ్రోత కూడా గురువే. 1940ల చివర ఆ ఉద్యమం మీద నిర్బంధం వచ్చినప్పుడు కళాకారుల కింద నేల కదిలిపోయింది. 1986లో నాజర్‌గారికి పద్మశ్రీ వచ్చింది. నేర్చుకునే వయసులో సూది చేతపట్టించిన సమాజం, అరవై దాటాక పతకం చేతికిచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఆ ఒక్క మాటలో పైన చెప్పిన అర్హత పత్రానికి జవాబుంది.

మూడో దారి వృత్తికుటుంబాలది. షేక్ చిన మౌలానా 1924లో కరవదిలో నాదస్వర కుటుంబంలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు సీమకు వెళ్ళి నాచ్చియార్ కోవిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణుల దగ్గర ఆ బాణీ పట్టారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వర కుటుంబాల్లో నేర్చుకోవడం, సంపాదించడం ఒక్కచోటే జరుగుతాయి. పిల్లవాడు పెద్దవాళ్ళ పక్కన శ్రుతి పట్టుకుని మొదలవుతాడు, పెళ్ళి ముహూర్తమే అతనికి పరీక్ష. ఈ పద్ధతిలో ఒక బలముంది: విద్యార్థి బతుకు విద్యనుంచి విడిపోదు. ఒక బలహీనతా ఉంది: పెళ్ళిపందిట్లోకి రికార్డులూ, బ్యాండుమేళాలూ, పెద్ద స్పీకర్లూ వచ్చాక ఆ సంపాదన తగ్గుతుంది, సంపాదనతో పాటు విద్యా ఆగిపోతుంది. ఇది గ్రహించినట్టుగానే 1982లో మౌలానాగారు శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆ బిరుదు కన్నా ఆ ఆశ్రమమే పెద్ద పని అని నేననుకుంటాను.

పేద గురువు వంటగది, ప్రజా ఉద్యమం, వృత్తికుటుంబం: ఈ మూడూ చేసిన పనిని ఇప్పుడు ప్రభుత్వం చేస్తానంటోంది. సంతోషమే. ఎలా చేస్తోందో చూద్దాం.

1982లో మొదలైన కేంద్ర పథకం ఒకటుంది. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో ప్రతిభావంతులను ఎంపిక చేస్తారు. సాంప్రదాయ కళాకుటుంబాల పిల్లలకు కొన్ని స్థానాలు విడిగా ఉంచారు. ఇది మెచ్చుకోదగ్గదే. ఇచ్చేది మాత్రం ఏడాదికి 3,600 రూపాయలు, దానికి తోడు గురువుకు కట్టిన రుసుము 9,000 వరకు. అంటే నెలకు 300. హార్మోనియం మరమ్మతుకు కూడా చాలదు.

రెండో పథకం 18 నుంచి 25 ఏళ్ళ యువకళాకారులకు. నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు. దేశం మొత్తానికి ఏడాదికి 400 మంది. జానపద సంగీతం కూడా జాబితాలో ఉంది, లేదనడం అన్యాయం. కాని నిబంధనల్లో ఒకచోట కన్ను ఆగుతుంది. దరఖాస్తుదారు అప్పటికే కనీసం ఐదేళ్ళు గురువు దగ్గరో, సంస్థలోనో నేర్చుకుని ఉండాలి. ఆ మేరకు వాళ్ళు సంతకం చేసిన ధ్రువపత్రం జతపరచాలి. ఆ ఐదేళ్ళూ అతనికి అన్నం పెట్టిందెవరు? మొదట వేసుకున్న ప్రశ్నే మళ్ళీ ఎదురైంది. ఎవరికి ఇల్లు గడిచిందో, ఎవరి తండ్రి రుసుము కట్టగలిగాడో, వాళ్ళు ఐదేళ్ళు దాటి గుమ్మం దగ్గరికొస్తారు. గుమ్మం దాకా రాలేనివాడికి తలుపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

మా బళ్ళో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు డప్పు వాయిస్తాడు. దరువు మార్చేటప్పుడు అతని చెయ్యి చూడాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, 'మా తాత పక్కన నిలబడి' అన్నాడు. ఆ తాత సంతకం చెయ్యలేడు, వేలిముద్ర వేస్తాడు. చావులకూ, జాతరలకూ వాయించిన రోజులకు హాజరుపట్టీ లేదు. అతను ఏ ఐదేళ్ళ ధ్రువపత్రం తెస్తాడు? వారాల రోజుల్లో అర్హత పత్రం ఒంటిమీద ఉండేది. ఇప్పుడది కాగితం మీదికి వచ్చింది. మార్పు నిజమే, కాని అనుకున్నంత దూరం జరగలేదు.

మూడోది గురుశిష్య పరంపర పథకం. సాంస్కృతిక కేంద్రాల ద్వారా నడుస్తుంది. గురువుకు నెలకు 7,500, పక్క వాద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500. ఆలోచన మంచిది, ఎందుకంటే ఇది గురువుకూ శిష్యుడికీ కలిపి ఇస్తోంది. కాని లెక్క చూడండి. శిష్యుడికి రోజుకు యాభై రూపాయలు. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ దినకూలీ 300 రూపాయలు. ఆ పని ఏడాది పొడుగునా దొరకదన్నది వేరే మాట; అయినా మట్టి తవ్విన రోజు విలువలో ఆరోవంతు స్వరం నేర్చుకున్న రోజుకు కట్టాం. పేదింటి కుర్రాడు ఏ పనికి వెళ్ళాలో ఆ లెక్కే చెబుతోంది. పైగా పథకం నెలల్లో ముగుస్తుంది, విద్య ఏళ్ళు అడుగుతుంది.

ప్రభుత్వం సంగతి ఇలా ఉంటే బుల్లితెర మరో దారి తెరిచింది. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పిల్లల పాట విని, పలుకు తప్పితే అక్కడే దిద్దేవారు. అంతమంది ముందు, నొప్పించకుండా దిద్దడం గొప్ప ఉపాధ్యాయ లక్షణం. ఎన్నో ఇళ్ళలో పిల్లలు ఆ దిద్దుబాటు వినే నేర్చుకున్నారు. కాని ఆ వేదిక మీదికి వచ్చేది అప్పటికే నేర్చుకున్నవాళ్ళు. వేదిక ఫలాన్ని చూపిస్తుంది. చెట్టుకు నీళ్ళు పొయ్యడం దాని పని కాదు.

ఫలాన్ని సన్మానించి చెట్టును మరిచిపోతే ఏమవుతుందో దర్శనం మొగులయ్య విషయంలో చూశాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన గురించి తెలంగాణలో ఎనిమిదో తరగతి పుస్తకంలో పాఠం పెట్టారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాదు పరిసరాల్లో కూలిపని చేస్తున్నారని పత్రికలు రాశాయి. పాఠం చదివిన పిల్లల్లో ఒక్కరికైనా కిన్నెర నేర్చుకోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్ళాలి? పాఠం చివర ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. గురువే కూలికి వెళ్ళేచోట శిష్యుడు ఏ ధైర్యంతో వాద్యం పట్టుకుంటాడు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. డబ్బుతో కళాకారులు తయారవుతారా? ప్రభుత్వం కూడు తింటే ప్రభుత్వం పాటే పాడాల్సి రాదా? మొదటిదానికి జవాబు సులభం. అన్నం ప్రతిభను పుట్టించదు. అన్నం లేకపోవడం మాత్రం ప్రతిభను చంపుతుంది. రెండోది నిజమైన భయం. జమీందారు కొలువులో పొగడ్త పద్యాలు పుట్టిన దేశం మనది. కాని దానికి మందు పస్తులుండటం కాదు. జీతం తీసుకునే బడిపంతులు ప్రభుత్వాన్ని విమర్శించడం లేదా? వేతనం దయగా వచ్చినప్పుడు నోరు మూసుకుపోతుంది, హక్కుగా వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. మనం అడగవలసింది దయ కాదు.

అడగవలసినవి కొన్నే. వేతనం విద్య మొదట్లోనే ఉండాలి, ఐదేళ్ళు గడిచాక కాదు. అది కనీసం ఒక కూలిరోజుకు సమానంగా ఉండాలి. తాత పక్కన నిలబడి నేర్చుకున్న విద్యను ఊరూ, మేళమూ సాక్ష్యం చెబితే ఒప్పుకోవాలి. డప్పు, కిన్నెర, నాదస్వరం, బుర్రకథ తెలిసినవాళ్ళను ప్రభుత్వ పాఠశాలల్లో జీతమిచ్చి ఉపాధ్యాయులుగా పెట్టాలి. అప్పుడు గురువు బతుకూ, శిష్యుడి చదువూ ఒక్కచోట నిలబడతాయి.

రచయితలుగా మన వంతూ ఉంది. ఇకమీద సంగీతకారుల చరిత్ర రాసేటప్పుడు, ఆయన ఎన్ని రోజులు పస్తున్నాడో లెక్కపెట్టడంతో సరిపెట్టుకోవద్దు. ఎవరింట తిన్నాడు, ఎవరు పెట్టారు, ఎవరికి పెట్టలేదు అన్నది కూడా రాయాలి. పట్రాయనివారి వంటగదికి ఒక పేజీ, ఆ వంటగది గడప ఎక్కలేకపోయినవాళ్ళకు మరొక పేజీ కావాలి. ఆ రెండో పేజీ రాయనంతకాలం మన సంగీత చరిత్ర సగమే. మన చెవికి చేరుతున్న సంగీతం కూడా సగమే.