ఆరితేనే వాండా

వాండా ఆర్కిడ్ ఎండిపోతుందేమోనని భయపడేవాళ్ల చేతిలోనే అది ఎక్కువగా చస్తుందని నా అభిప్రాయం. మట్టికుండీలో నాటి రెండుపూటలా నీళ్లు పోస్తారు, వేళ్లు కుళ్లాక మందు కోసం వెతుకుతారు. తూర్పు కనుమల్లో మామిడి కొమ్మల మీద పెరిగే వాండా టెస్సెల్లాటాకు మట్టితో పనే లేదు. అది బదనికలా కొమ్మలోకి చొచ్చుకుపోయి చెట్టు రసం పీల్చదు, బెరడును పట్టుకుని ఉంటుందంతే. (రెండింటినీ ఒకే గాటన కట్టి నరికేయడం అన్యాయం.) వాన, మంచు, బెరడు మీంచి జారే నీళ్లలోని కాసింత పోషకం, అదే దాని తిండి. వేరు చుట్టూ వెలామెన్ అనే మెత్తటి పొర ఉంటుంది. అందులోవన్నీ చచ్చి బోలుగా మిగిలిన కణాలు. తడి తగలగానే నీళ్లు పీల్చుకుంటాయి, అప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఆరితే మళ్లీ వెండిరంగే. ఆ పొర ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే వేరుకు గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది. కాబట్టి పోసిన నీళ్లు ఎంతసేపట్లో ఆరాయో చూసుకోవాలి, ఎన్నిసార్లు పోశామన్నది ఆ తర్వాతి మాట.

నీళ్లు దాచుకునే ఉబ్బు కాండం దీనికి లేదు కదా, ఎక్కువ నీళ్లు అక్కర్లేదా అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. తరచుగా తడపాల్సిందే, కానీ తడిపిన ప్రతిసారీ ఆరనివ్వాలి. పైగా వాండా పొదుపరి. ఆకుల మీది రంధ్రాలను రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వచేసుకుంటుంది, పగలు ఎండలో చాలావరకు మూసేసుకుంటుంది. ఇక థాయ్‌లాండ్ తోటల్లోలా మట్టిలేని బుట్టలో వేలాడదీస్తే హైదరాబాద్ ఏప్రిల్ గాలికి వేళ్లు ముడుచుకుపోతాయన్న అభ్యంతరాన్ని నేను కాదనలేను. అక్కడి గాలిలో ఉన్న తేమ దక్కను వేసవిలో ఉండదు. అయినా దానికి మందు మట్టి కాదు. షేడ్‌నెట్ కిందికి మార్చి, బుట్టలో నాలుగు బొగ్గుముక్కలు వేసి, ఉదయం వేళ్లన్నీ పచ్చబడేదాకా బకెట్‌లో ముంచి తీయాలి. మధ్యాహ్నానికే వేళ్లు తెల్లబడితే మళ్లీ తడపాలి. తేమగాలి ఉండే కోనసీమలో ఆ రెండో తడి చాలా రోజులు అవసరం పడదు. పొద్దుగూకాక మాత్రం ఎక్కడా తడపొద్దు. ఆకుల మధ్య నిలిచిన నీళ్లు రాత్రంతా ఉంటే మొవ్వు కుళ్లుతుంది. ఒకే మొవ్వుతో పైకి సాగే మొక్క ఇది. మొవ్వు పోతే ఆ కాండం ఇక పెరగదు, అడుగున పిలక వస్తే అదృష్టం.